మొదటి గుక్క

అవనిగడ్డ నుంచి బందరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో స్టీలు గిన్నె పెట్టుకుంది. గిన్నెలో ఊక, ఊకలో కోడిగుడ్లు, పైన నిమ్మకాయలు. కుదుపు వచ్చినప్పుడల్లా గిన్నెను రెండు చేతులా పైకెత్తుతోంది. అడక్కుండా ఉండటం నాకు చేతకాదు.

"కేకు చేస్తారా అండీ?"

"కాదమ్మా. మా ఆయన బార్లో పనిచేసేవారు. నిమ్మరసం, పంచదార, గుడ్డు తెల్లసొన, మందు కలిపి నురగొచ్చేదాకా గిలకొట్టి ఇచ్చేవారంట. తాగుడూ అక్కడే అలవాటైంది. ఇప్పుడు మానేశారు గానీ సాయంత్రమైతే చేతులు ఊరుకోవు. అందుకని మందు లేకుండా ఇంట్లోనే చేస్తున్నారు. సీసా మూత బిగించి ముందు ఉత్తగా ఊపుతారు, తర్వాత ఐసు వేసి ఊపుతారు."

"నీచు వాసన రాదా?"

"మొదట్లో వచ్చేది. ఇప్పుడు నిమ్మకాయ ఇంకాస్త పిండుతున్నారు."

"మీకూ ఇస్తారా?"

ఆవిడ అంచుకు దొర్లిన నిమ్మకాయను గిన్నె మధ్యకు జరిపింది.

"ముందు నాకే ఇస్తారు. మందు కలిపారా అని నేనెప్పుడూ అడగలేదమ్మా. అయినా నేనో గుక్క తాగి గ్లాసు తిరిగిచ్చేదాకా ఆయన ముట్టుకోరు."

బస్సు మళ్లీ గోతిలో పడింది. అక్కణ్ణుంచి బందరు దాకా ఆ గిన్నెను ఒక పక్క నేనూ పట్టుకున్నాను.