చక్రవర్తి ఆగాడు, నాన్న ఆగాడు

మా నాన్న ప్రతి ఏడూ కృష్ణ ఒడ్డున ఇతరుల పొడిబట్టలు పట్టుకుని నిలబడేవాడు. వేదాద్రికి కాస్త దిగువన మా సంఘం అయ్యగారు బాప్తిస్మాలిచ్చే చోటు అది. నీళ్ళలో మునిగి లేచి వణుక్కుంటూ వచ్చినవాళ్ళకి తువ్వాలు అందించేవాడు, ఫ్లాస్కులో టీ పోసిచ్చేవాడు. తను మాత్రం చెప్పులు కూడా తడవనిచ్చేవాడు కాదు. "మాస్టారూ, మరి మీరెప్పుడండీ?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "ఇదిగో, రిటైరవనీ" అనేవాడు. రిటైరయ్యాక "మా అమ్మాయి కాస్త నిలదొక్కుకోనీ" అనడం మొదలుపెట్టాడు.

కారణం అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. నాన్నది ఎస్సీ కోటాలో వచ్చిన పంతులు ఉద్యోగం. నందిగామ బడిలో నాదీ అంతే. చర్చికి వెళ్తే ఎవరూ ఏమీ అనరు. బాప్తిస్మం తీసుకుంటే మాత్రం మతం మారినట్టే, మారితే ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదు. ఇంటి పెద్ద మునిగాడని తెలిస్తే పిల్లల్ని మాత్రం వదుల్తారా? గిట్టనివాడెవడో కలెక్టరాఫీసులో ఒక్క అర్జీ పడేస్తే చాలు, నోటి దగ్గర కూడు పోతుంది. స్టాఫ్ రూములో ఎవరైనా "ఆదివారం ఏం చేశారు మేడం?" అని మామూలుగా అడిగినా ఇప్పటికీ బట్టలుతుక్కున్నానని చెప్తా.

ఇలా ఆగుతూ వచ్చిన నాన్నకి ఓ రోమా చక్రవర్తి దొరికాడు. అయ్యగారు ఒకసారి ప్రసంగంలో ఆయన కథ చెప్పారు. యుద్ధానికి ముందు ఆకాశంలో సిలువ చూశాడట, గెలిచాడట, క్రైస్తవులని హింసించడం మాన్పించాడట. బాప్తిస్మం మాత్రం మంచాన పడ్డాకే తీసుకున్నాడట. రాజవస్త్రాలు తీసేసి తెల్లబట్టలు కట్టుకుని, వాటితోనే కన్నుమూశాడట. తూర్పు దేశాల సంఘాలు ఇవాళ్టికీ ఆయన్ని పరిశుద్ధుడనే కొలుస్తాయి. ఇదంతా అయ్యగారు చెప్పింది ఆలస్యం చెయ్యొద్దని హెచ్చరించడానికి. నాన్న మాత్రం ఇంటికొచ్చి "చూశారా, చక్రవర్తంతటివాడే ఆగాడు" అని మురిసిపోయాడు.

అమ్మ ఊరుకునే రకం కాదు. "ఆయన చుట్టూ బిషప్పులున్నారండీ, పిలిస్తే పలకడానికి! మీకెవరున్నారు, నేనూ నా అట్లకాడా? పోయేముందు కబురు పెడతానని దేవుడు మీకేమన్నా రాసిచ్చాడా?" అంది.

పోయిన వానాకాలంలో నాన్నకి గుండె దెబ్బతింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వెల్లకిలా పడుకోనివ్వద్దని, పడుకుంటే ఊపిరాడదని బెజవాడ డాక్టరు మరీ మరీ చెప్పాడు. జగ్గయ్యపేట దగ్గర మా ఇంట్లో ఆక్సిజన్ మిషను పక్కన దిండ్లకానుకుని కూర్చునే ఉండేవాడు. కునుకు పడితే ఉలిక్కిపడి లేచేవాడు. "మునక్కుండానే పోతానేమోనే, అమ్మాయ్. భయంగా ఉందే" అని నా చెయ్యి పట్టుకునేవాడు. ఆ చక్రవర్తి మీద నాకెంత ఒళ్ళు మండిందో! హాయిగా ఆగి, హాయిగా మునిగి, హాయిగా పోయాడు. ఇక్కడ మా నాన్న బిక్కచచ్చిపోతున్నాడు.

ఇక లాభం లేదని అమ్మే అయ్యగారికి ఫోన్ చేసింది. ఆయన మర్నాడు పొద్దున్నే సంఘంలోవాళ్ళు నలుగురితో వచ్చారు.

"కాసిని నీళ్ళు చల్లితే సరిపోదా, అయ్యగారూ?" అన్నా.

"మన సంఘంలో మునగాల్సిందేనమ్మా. వెనక్కి వంచి ఒక్కసారి ముంచి లేపుతా. తర్వాత దేవుడి దయ" అన్నారాయన.

పెరట్లో గేదెల తొట్టి కడిగి, వేణ్ణీళ్ళు కలిపి నింపాం. అమ్మ అందరి ఫోన్లూ తీసుకుని లోపల పెట్టేసింది. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే నా ఉద్యోగం గోవిందా అని ఆమె భయం. నాదీ అదే భయం. వెళ్ళి గేటు గడియ పెట్టొచ్చాను.

తెల్ల పంచెలో నాన్నని తొట్టిలో కూర్చోబెట్టి, ముక్కు దగ్గర గొట్టం తీశాం. అయ్యగారు త్వరత్వరగా బాప్తిస్మపు మాటలు చెప్పి వెనక్కి వంచారు. నాన్న ముఖం నీళ్ళ కిందికి పోయింది. నా మణికట్టు మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. లేపాక ఊపిరి రాలేదు. పెదాలు నల్లబడ్డాయి, కళ్ళు తేలేశాడు. అయిపోయింది, మేమే చంపుకున్నాం అనుకున్నా. "దేవుడా, దేవుడా" అంటూ అమ్మ నాన్న వీపు రుద్దుతోంది. అప్పుడు దగ్గొచ్చింది. దగ్గుతో పాటు ఊపిరీ వచ్చింది. అమ్మ అక్కడే చతికిలబడి భోరుమంది.

ఎత్తుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి గొట్టం పెట్టాం. ముఖం తేటపడింది. అంత నిశ్చింతగా నాన్న ముఖం నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి రమ్మని సైగ చేశాడు. దీవిస్తాడనుకుని తల వంచా.

"నువ్వు మాత్రం తొందరపడకే, తల్లీ" అన్నాడు. "సర్వీసు పూర్తి కానీ."

"సరే నాన్నా" అన్నా.

ఆ నెలలోనే పోయాడు, ఏ భయమూ లేకుండా. నాకింకా బోలెడు సర్వీసుంది. మంచాన పడి, అయ్యగారిని పిలిపించుకుని పోయే భాగ్యం నాకుంటుందని ఎవరు చెప్పారు? రోజూ జగ్గయ్యపేట నుంచి నందిగామకి, హైవే మీద సిమెంటు లారీల మధ్య స్కూటీ మీద వెళ్ళొస్తున్నా.