చక్రం కింద రాయి

ఈ రోజు విజయనగరం కోర్టులో మా అక్క గెలిచింది!

నిరుడు శృంగవరపుకోట దగ్గర ఎత్తు మీద ఆగిన బస్సు వెనక్కి జారి, వెనకాల నిలబడ్డ మా బావ ప్రాణం తీసింది. బ్రేకులు పట్టలేదని అక్క నష్టపరిహారం కేసు వేసింది.

ఇవాళ బస్సు యజమాని బోనెక్కి, "నా బస్సు బ్రేకులకి ఏటీ లోటు నేదు బాబూ. ఆయనే సూసుకోకుండా ఎల్లి కింద పడ్డాడు" అన్నాడు. ఆ పెద్దమనిషి సాక్ష్యానికి వచ్చింది కూడా ఆ బస్సులోనే. దాన్ని కోర్టు వాకిట్లోనే ఆపించాడు.

అక్క చటుక్కున లేచింది. "బాబూ, ఒక్కపాలి కిటికీలోంచి సూడండి. బ్రేకులు బాగుంటే, సదునుగా ఉన్న ఈ వాకిట్లో సక్రం కింద ఆ రాయెందుకెట్టినారు?"

జడ్జిగారు కుర్చీలోంచి లేచి మరీ చూశారు. క్లీనరు అలవాటు కొద్దీ పెట్టిన రాయి చక్రాన్ని అంటుకునే ఉంది. యజమాని వకీలు తన కక్షిదారుతో గుసగుసలాడాడు. కాసేపటికి పరిహారం ఇస్తామని ఒప్పుకున్నాడు.

ఆ రాయినే మొదట సాక్షిగా పిలిచి ఉంటే మాకిన్ని వాయిదాలు తప్పేవి.

రేపు మీ బస్సు ఆగగానే క్లీనరు ఏం పట్టుకుని దిగుతాడో చూడండి. రాయైతే మా అక్కకి కబురు పెట్టండి.