చెరుకు లైన్లో చుక్కల ఓడ

మా ఆయన పేరు బస్వరాజ్. మొగుని పేరు నోట పలకొద్దని మా అత్త పదేండ్లు నేర్పింది. ఇప్పుడు పలుకుతాను. ఆయనకు జరిగిన మోసం ఎవరో ఒకరు పేరు పెట్టి చెప్పాలి కదా!

పెండ్లికి ముందు ఆయన బొంబాయి లారీ మీద క్లీనరు. సరుకు దిగేదాకా రేవు దగ్గర రోజుల తరబడి పడిగాపులు. ఓడల్లో పనిచేసే గోవా మనిషి ఒకాయన అక్కడ ఈయనకు ఒక ఆట నేర్పాడు. పటం లేదు, కాయలు లేవు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై ఏం చేస్తారో నోటితోనే చెప్పాలి. అది కుదిరిందా, బెడిసిందా అన్నది పాచికలు తేలుస్తాయి. కథేమో వెయ్యేండ్ల తర్వాతి ముచ్చట, చుక్క నుంచి చుక్కకు సరుకు మోసే ఓడలది. లారీ వదిలి చిరాగ్‌పల్లిలో కౌలు సేద్యం పట్టినా ఆ ఆటను మాత్రం వదల్లేదు మహానుభావుడు. పాచికలకు బదులు మా అత్త పచ్చీసు గవ్వలు ఎత్తుకుపోయాడు.

ఆడేది ఎక్కడనుకున్నారు? చక్కెర ఫ్యాక్టరీ ముందు, చెరుకు బండ్ల లైన్లో. చెరుకు తూచే కాంటా దగ్గరికి చేరాలంటే రెండు మూడు రోజులు పట్టేది. నేను రొట్టెలు తీసుకుని పోయేసరికి బండి నీడలో సభ తీరి ఉండేది. కథ నడిపేది మా ఆయనే.

"నెత్తి మీద ఇద్దరు సూర్యులున్నరు. గాలి లేదు. ఓడల అల్లం మురుగుతున్నది. చెక్‌పోస్టోడు తలుపు తియ్యమంటున్నడు. ఏం జేస్తవ్ సంగప్పా?"

సంగప్ప మా పక్క చేనువాడు, ఈయనకు ప్రాణస్నేహితుడు. ఆటలో ఓడకు కప్తాను. "వాని చేతుల రెండు అల్లం సంచులు వెడత అన్నా" అనేవాడు నిజంగా చెమటలు కక్కుతూ. గవ్వలు పడేదాకా ఊపిరి తీసేవాడు కాదు. నేను పైకి తిట్టినా చెవి అటే వేసేదాన్ని. అబద్ధమెందుకు!

ఎనభై మూడులో మాత్రం ఆ ఆట మీద నాకు మనసు పోలేదు. అంతకుముందు ఏడు మా చెరుకు లైన్లోనే ఎండిపోయింది. "ఈసారి ఒక్క బండి ఎండి వాపసొచ్చినా కౌలు ఇంకొకళ్ళకిస్త" అని పటేలు మదన్‌మోహన్ మొహం మీదే చెప్పాడు. అన్ని బండ్లూ కాంటా దాటాయి. చివరి బండి లైన్లో ఉంది.

అప్పుడే ఆటలో ముసలం పుట్టింది. దొంగతనంగా ఏదైనా చేయదలిస్తే ఆట నడిపేవాడి చెవిలో చెప్పాలి. చెవిలో పడిన మాట ఆయన బయట పెట్టకూడదు. ఓడలో ఇంజను చూసే ఈరయ్య, ఓడను దొంగలకు అమ్ముతానని ఎప్పుడో చెవిలో ఊదాడట. ఆ పొద్దు అమ్మేశాడు. సంగప్ప మొహం నల్లబడింది.

"నీకెరికేనా అన్నా?"

"ఎరికే."

"నాకొక్క మాట జెప్పకపోతివి?"

"ఆట నడిపేటోనికి దోస్తులుండర్రా."

సంగప్ప నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మర్నాడు మా ఎద్దు నాడా ఊడింది. నాడాలు కొట్టేవాణ్ణి పిలుచుకురావడానికి బజారుకు బయలుదేరాం. లైన్లో ఒక కట్టుబాటుంది. బండి విడిచి పోయేవాడు పక్కవాడికి చెప్పి పోతాడు. లైను కదిలితే పక్కవాడే రెండు బండ్లూ ముందుకు తోలతాడు. ఖాళీ వదిలితే వరుస పోయినట్టే, మళ్ళీ తోకకు పోవాలి. పగవాడైనా ఆ మాట తప్పడు.

"సంగప్పా, జర మా బండి సూడు."

"ఫికర్ జెయ్యకు, పో అన్నా."

దారిలో మా ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు. "సంగడు అలిగిండే. ఇయ్యాల వానికి ఇంకా పెద్ద ఓడ ఇప్పిస్త. వానికి జెప్పకు."

తిరిగొచ్చేసరికి లైను గేటు దాకా కదిలిపోయింది. మా బండి ఒక్కటే రోడ్డు పక్కన ఎండలో. ఎద్దులు నెమరేస్తున్నాయి. వెనక బండ్లన్నీ దాటిపోయాయి. నమ్మించి గొంతు కోశాడు!

పొద్దువాలకముందే సంగప్ప ఖాళీ బండితో వచ్చి, రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు.

"లైను కదుల్తదని నాకెరికే, నీకు జెప్పలే. ఇగ సమానమైనం గద అన్నా. గవ్వలు తియ్యి."

మా ఆయన గవ్వలు చేతిలోకి తీశాడు.

"ఆటల ఓడ పోతే ఒక్క మాటతోని ఇంకోటి పుట్టిస్తుంటిరా సంగప్పా. ఈ బండెడు చెరుకును ఏ మాటతోని పుట్టియ్యాలె?"

గవ్వలు నా కొంగులో పోసి, ఎద్దులను తోకవైపు మళ్ళించాడు.

చెరుకు ఎండి కట్టెలైంది. కాంటా దగ్గర తిప్పి పంపారు. చేను పోయింది. మా ఆయన మళ్ళీ లారీ ఎక్కాడు. ఆ ఆట మళ్ళీ ఆడలేదు.

సంగప్ప ఇప్పటికీ బజారులో ఆపుతాడు. "వదినా, ఓడ పోయినంక ఏమైతుండెనో అన్న ఎన్నడన్న జెప్పిండా?"

చెప్పాడు. నేను మాత్రం చెప్పను.