రెక్కలు కట్టిన తండ్రి బొమ్మ ముందు

మా పెద్దనాన్నది ఖిల్లా ఘణపూర్. తాపీ మేస్త్రిగా హైదరాబాద్‌లో ఎన్నో బిల్డింగులు కట్టాడు. ఆయన కొడుకు, మా అన్న, ఆయన దగ్గరే పనిచేస్తూ ఐదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. నిలబడి పనిచేయడానికి కట్టిన కట్టెల పరంజా తాడు తెగింది. ఊరంతా గుత్తేదారును తిట్టింది. పెద్దనాన్న మాత్రం ఒక్క మాట అనలేదు. దుఃఖంతో నోరు పడిపోయిందనుకున్నాం.

నాలుగేళ్ల తర్వాత ఆయనకు ఒక కంట్లో పొర వచ్చింది. నేను వనపర్తిలో టీచరును. సెలవు పెట్టి హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు మూడు గంటలకు మళ్లీ రమ్మన్నాడు. బయట ఎండ మండిపోతోంది. చల్లగా ఉంటుందని దగ్గరలో ఉన్న మ్యూజియంలోకి తీసుకెళ్లాను.

గోడకు వేలాడదీసిన ఒక పెద్ద రంగుల బొమ్మ ముందు ఆయన ఆగిపోయాడు. సముద్రం ఒడ్డున రాళ్ల మీద ఒక యువకుడి శవం. భుజాలకు కట్టుకున్న రెక్కలు విరిగి, ఈకలు నీళ్లలో తేలుతున్నాయి. పైన అలాంటి రెక్కలతోనే ఒక ముసలాయన కిందికి చూస్తున్నాడు.

"ఎవరు బిడ్డా వీళ్లు?"

"గ్రీకుల కథ పెద్దనాయినా. తండ్రి, కొడుకు జైల్ల ఉంటరు. పారిపోనీకి తండ్రి ఈకలు మైనంతో అతికించి రెక్కలు చేస్తడు. కొడుకు సూర్యుని దిక్కు పోతే మైనం కరిగి పడిపోతడు."

"కరుగుతదని తండ్రికి తెల్వదా?"

"తెలుసు. పైకి పోవద్దని చెప్పిండు కూడ. కొడుకు వినలే."

ఆయన బొమ్మకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"నేను చెప్పలే," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ తాడు కట్టింది నేనే. పొద్దుగాలనే చూసిన, ఒకదిక్కు పీచు లేచింది. కొత్తది తెచ్చేదాంక పని ఆగుతది, ఈ ఒక్కపూటకు ఏం గాదు అనుకున్న. వాడు ఎక్కుతుంటే కిందనే ఉన్న. జర చూసుకో అని కూడ అనలే."

ఆయన భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో, బస్సు జడ్చర్ల దాటాక, "మీ పెద్దమ్మకు చెప్పాల్నా?" అని అడిగాడు. చెప్పమనడానికీ వద్దనడానికీ ధైర్యం చాలక, "నీ ఇష్టం" అన్నాను.

మర్నాడు చెప్పాడట. పెద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చేస్తున్న జొన్నరొట్టెలు పూర్తిచేసి ఆయనకు పెట్టి, రెండు చీరలు సంచిలో వేసుకుని అయిజలో కూతురి ఇంటికి వెళ్లిపోయింది.

నెల తర్వాత ఆమెను తీసుకురావడానికి వెళ్లాను. గుమ్మంలోనే అడిగింది.

"నీకు ఎప్పుడు చెప్పిండు?"

"హైదరాబాద్ పోయిననాడు."

"నాకన్న ముందు నీకు చెప్పిండు."

లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. సంచి మాత్రం సర్దుకోలేదు. నేను వచ్చిన బస్సులోనే ఒంటరిగా వెనక్కి వచ్చాను.