మూడింటికి లేచే గీత

నేను తెనాలిలో ఫిజిక్స్ మాస్టారిని. దయ్యాలున్నాయని ఎవరైనా అంటే స్టాఫ్ రూములో వాళ్లను ఏడిపించి వదిలేవాణ్ణి. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. భయం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది.

బాపట్లలో మా అక్క మేడ మీద సోలార్ పలకలు పెట్టించింది. ఎంత కరెంటు వస్తోందో, ఇంట్లో ఎంత ఖర్చవుతోందో తెనాలి నుంచే ఫోనులో చూడొచ్చని నేనే ఒక యంత్రం చేసి బిగించాను. వైరును క్లిప్పులా పట్టుకునే సెన్సరు, అది చెప్పింది వైఫైలో పంపే చిన్న బోర్డు, అంతే. అయినా కనిపించిన వాళ్లందరికీ గొప్పగా చూపించుకున్నాను.

వారం తిరక్కుండానే ఒకటి గమనించాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఖర్చు గీత వెయ్యి వాట్లకు లేచి, నలభై నిమిషాలు ఉండి పడిపోతోంది. ఇస్త్రీ పెట్టె అయ్యుంటుందనుకున్నాను. అక్క టీచరు, ఆ వేళకు స్కూల్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది పనిచేసే మార్తమ్మ ఒక్కతే. బయటివాళ్ల బట్టలు చాటుగా ఇస్త్రీ చేస్తోందని, నిప్పు లేనిదే పొగ రాదని అక్కకు నేనే ఎక్కించాను.

శనివారం వెళ్లి ఫోను మార్తమ్మ ముఖం ముందు పెట్టాను.

"ఇస్త్రీ పెట్టె నేను ముట్టుకోలేదండి."

"అయితే ఒట్టెయ్యి," అంది అక్క.

"మేం ఒట్లు పెట్టకూడదండి. కాదన్నానంటే కాదండి."

మార్తమ్మ చర్చికి వెళ్లే మనిషి. ఒట్టు వెయ్యడం వాళ్లకు తప్పని నాకు తెలుసు. తెలిసి కూడా, ఒట్టెయ్యలేదు కాబట్టి అబద్ధమేనని తేల్చేశాను. ఆమె తాళం చెవి బల్ల మీద పెట్టి, రేపల్లెలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

సోమవారం మూడింటికి గీత మళ్లీ లేచింది.

మర్నాడు సెలవు పెట్టి బాపట్ల వెళ్లాను. ఇస్త్రీ పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశాను. మెయిన్ స్విచ్ కట్టేసి, బోర్డును బ్యాటరీ మీద, నా ఫోను వైఫైతో నడిపాను. మూడయింది. వెయ్యి వాట్లు. సెన్సరును వైరు నుంచి ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాను. అప్పుడూ వెయ్యే. నలభై నిమిషాల తర్వాత సున్నా. తర్వాత సెన్సరు మార్చాను, బోర్డు మార్చాను, ప్రోగ్రాం మొత్తం తిరగరాశాను. ఏమీ తేడా లేదు.

రేపల్లె వెళ్లి మార్తమ్మను క్షమించమని అడిగాను.

"నాకెందుకులెండి బాబుగారూ, మా అమ్మాయికి చెప్పండి. మాస్టారు ఊరికే అంటారా అంటోందండి."

కూతురికి జరిగిందంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని అడిగింది.

"మరి ఆ కరెంటు ఎవరు వాడినట్టండి?"

తెలియదమ్మా అన్నాను. ఇవాళ్టికీ నాకు తెలియదు. ఆ అమ్మాయి ఇంకా అనుమానంగానే తల్లి వైపు తిరిగి చూసింది. మార్తమ్మ తల దించుకుంది.