మామగారి అతుకు

ఉద్యోగం చేసిన ముప్ఫై నాలుగేళ్లలో సగం కాలం ఆయన భూమికి నాలుగడుగుల లోతులోనే గడిపాడు. టెలిఫోన్ కేబుల్ తెగిన చోట గొయ్యి తవ్వించి, పైన చిన్న గుడారం వేయించుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, వెంట్రుకల్లాంటి తీగల్ని రంగుకు రంగు జతచేసి అతికేవాడు. ఒక్కో కేబుల్లో ఎనిమిది వందల జతలు. పైన వాన కురిసినా, జనం తొంగిచూసి ఫోనెప్పుడొస్తుందని సతాయించినా తలెత్తేవాడు కాదు. అందరూ ఆయన్ను జాయింటరుగారు అనేవారు. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

రిటైరైన మూడు నెలల్లో ఇంట్లో ఉన్న మిక్సీ, రేడియో, తలుపు గంట, భార్య కుట్టుమిషను మోటారు, అన్నీ విప్పి మళ్లీ బిగించాడు. నాలుగో నెలలో ఆవిడ దండం పెట్టేసింది.

"మీకు పుణ్యముంటుంది, అల్లుడి షెడ్డుకు వెళ్లండి. అక్కడన్నీ పాడైనవే ఉంటాయి. ఇక్కడ బాగున్నది ఒక్కటీ మిగలట్లేదు."

అల్లుడిది కార్ల మరమ్మతు షెడ్డు, రెండు వీధుల అవతల. అల్లుడు ఇంజన్లు చూస్తే, కూతురు స్కానర్ పట్టుకుని కారుకొచ్చిన జబ్బేమిటో చెప్పేది. వైరింగ్ పని జాయింటరుగారికి వచ్చిపడింది. ఎలుకలు కొరికిన తీగలు, కాలిపోయిన ఫ్యూజులు, ఏదిచ్చినా ఆయన అతుకు పెట్టాడంటే ఇక తిరిగి చూసుకోనక్కరలేదు. మామా అల్లుళ్ల మధ్య పొరపొచ్చాలు లేవు. ఒక్కటే గుర్తు పెట్టుకోవాలి. ఆయన "అల్లుడూ" అన్నాడంటే వాతావరణం బాగున్నట్టు. "అల్లుడుగారూ" అన్నాడంటే ఎవరిపని వాళ్లు చూసుకోవడం మంచిది.

ఒకరోజు పళ్ల డాక్టరమ్మ తన పాత కారు తెచ్చింది. ఆరు సిలిండర్ల ఇంజను, అటు మూడు, ఇటు మూడు. పొగ బయటికి పోయే పైపులు రెండువైపులా తీసేసి, తాను తెప్పించుకున్న పొడుగు పైపులు బిగించమంది.

"పొద్దస్తమానం నా చెవిలో ఆ మిషను కీచుమంటూనే ఉంటుందండీ. సాయంత్రమైనా కాస్త గంభీరమైన గొంతు వినాలనుంది. శుక్రవారం మా కాలేజీ వాళ్లమంతా కలుస్తున్నాం. అప్పటికి ఇచ్చేయాలి మరి!"

అల్లుడు రెండు రోజులు కిందామీదా పడి పైపులు బిగించాడు. నిగనిగలాడుతూ చూడముచ్చటగా కూర్చున్నాయి. తీరా చూస్తే చిక్కంతా సెన్సర్ల దగ్గరొచ్చింది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి ఇంజనుకు కబురందించే సెన్సర్లు అవి, పక్కకొకటి. పాత పైపుల్లో అవి ఇంజనుకు దగ్గరగా ఉండేవి. కొత్త పైపుల్లో వాటికోసం వేసిన రంధ్రం బాగా కిందికి జరిగింది. సెన్సర్ తీగ సాగదీసి పట్టుకున్నా జానెడు తక్కువ.

"రెడీమేడ్ తీగ దొరుకుతుంది కానీ, రావడానికి రెండు వారాలట" అంది కూతురు ఫోను పెట్టేస్తూ.

జాయింటరుగారు కళ్లజోడు తుడుచుకున్నాడు. "నేనుండగా తీగ తక్కువేమిటే? ఎనిమిది వందల జతలు అతికినవాణ్ణి. ఇందులో ఉన్నవెన్ని? నాలుగు!"

సెన్సర్ తోకలు రెండూ కత్తిరించాడు. తెలుపు రెండు, బూడిదరంగు ఒకటి, నలుపు ఒకటి. మధ్యలో మూరెడు కొత్త తీగ కలిపి రెండు చివర్లా సీసం కరిగించి సోల్డర్ పెట్టాడు. అంటే రెండు సెన్సర్లకూ కలిపి పదహారు అతుకులు. ఒక్కో అతుకూ దీపం వత్తి నూనె పీల్చినట్టు సోల్డరును పీల్చుకుంది. "అతుకు పైన మెరిస్తే చాలదల్లుడూ, లోపలికి దిగాలి. రెండంగుళాలు దిగిందంటే వందేళ్లు ఢోకా లేదు" అన్నాడు. పైన రబ్బరు స్లీవు తొడిగి వేడిచేసి బిగించాడు. అల్లుడు నోరు తెరుచుకుని చూశాడు. నిజంగానే అది కళ్లకద్దుకోవాల్సిన పని.

కారు స్టార్టు చేస్తే గొంతు సింహంలా పలికింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి నడుపుకుంటూ వెళ్లింది. మర్నాడు పదింటికల్లా తిరిగొచ్చింది, గంభీరం కాస్తా దగ్గుగా మారి. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను గుండెదడ వచ్చినట్టు లేచి పడుతోంది. వెనక పెట్రోలు కంపు. ముందు, స్టీరింగు వెనక, ఇంజను బాగాలేదని చెప్పే పసుపు దీపం వెలిగి ఆరనంటోంది.

కూతురు స్కానర్ పెట్టి చూసింది. "రెండు సెన్సర్లూ నోటికొచ్చినట్టు చెప్తున్నాయి. ఇంజను వాటిని నమ్మి పెట్రోలు దంచేస్తోంది."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మామయ్యా, ఒక్కసారి ఆ అతుకులు..."

"అల్లుడుగారూ!" అన్నాడాయన.

అంతే, షెడ్డులో గాలి స్తంభించింది. ఆయన మీటరు తెచ్చి పదహారు అతుకులూ ఒకటొకటిగా చూపించాడు. ప్రతిదానికీ మీటరు కూసింది. "కరెంటు రాజమార్గంలో పోతోంది. ఆడలేనమ్మ మద్దెల ఓడందట! మీ పైపులెక్కడ కారుతున్నాయో చూసుకోండి."

పాపం అల్లుడు ఆ రోజంతా పైపులన్నీ విప్పి, కొత్త వాషర్లు వేసి మళ్లీ బిగించాడు. మోచేయి కాల్చుకున్నాడు. కారు దగ్గు మాత్రం తగ్గలేదు.

గురువారం పొద్దున్న కూతురు అరమీద ఉన్న కొత్త సెన్సర్ డబ్బా ఒకటి తెరిచింది. మందుసీసాలో పెట్టే కాగితంలా మడతలు మడతలుగా ఒక కాగితం. చీమల్లాంటి అక్షరాలు. వాటిని చదివి, మొగుడి వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూసింది.

"నాన్నా, కోప్పడకూడదు మరి. ఈ సెన్సర్ పొగను బయటి గాలితో పోల్చి చూసుకుంటుందట. ఆ బయటి గాలి దీనికి తీగ లోపలి పోగుల సందుల్లోంచే అందుతుందట. అందుకని సెన్సర్ తీగకు సోల్డర్ పెట్టొద్దంటున్నారు."

"తీగలోంచి గాలేమిటే, నీ మొహం!" అని నవ్వబోయి ఆగిపోయాడాయన.

ఎందుకంటే ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. భూమిలోని కేబుళ్లలోకి నీళ్లు దిగకుండా ఎక్స్ఛేంజిలో యంత్రం పెట్టి పొడిగాలి ఎక్కించేవారు. ఎక్కడ గాలి పోతోందో సబ్బునీళ్లు పూసి వెతికిన వీధులు ఎన్నని! గాలి ఆపాల్సిన చోట మైనం పోసి మూసింది కూడా ఆయన చేతులే.

లేచి, గ్లాసుతో నీళ్లు తెచ్చుకున్నాడు. కత్తిరించిన తోకలో మిగిలిన ముక్క ఒకటి తీసుకుని, ఒక కొన నీళ్లలో ముంచి, రెండో కొన నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదాడు. మొహం ఎర్రబడింది. కొంతసేపటికి ఆవగింజంత బుడగ ఒకటి పైకొచ్చింది. తర్వాత ఇంకోటి. ఇప్పుడు తన అతుకున్న ముక్కను కోసి ఊదాడు. కళ్లు బయటికొచ్చేలా ఊదాడు. నీళ్లు కదల్లేదు.

"బాబోయ్, చాలు మామయ్యా, పడిపోతారు" అన్నాడు అల్లుడు.

"అల్లుడూ, తప్పు నాది" అన్నాడాయన. "అంత బాగా అతికాను గనకే దాని ఊపిరి ఆగిపోయింది. ఆ మోచేతికి మందు రాసుకో ముందు."

డాక్టరమ్మకు ఫోను చేస్తానని కూతురన్నా ఒప్పుకోలేదు. తానే క్లినిక్కు నడిచివెళ్లి, పళ్లనొప్పి వాళ్ల మధ్య బెంచీ మీద కూర్చుని, వంతు వచ్చాక లోపలికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. శుక్రవారానికి కారు రాదని కూడా చెప్పాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. ఊళ్లో ఉన్న స్నేహితులందరికీ ఆ సింహం సంగతి అప్పటికే చెప్పేసుకుంది మరి. కాసేపటికి గ్లవ్సు తీసేస్తూ, "కొత్తలో నేనూ ఒకాయనకు బాగున్న పన్ను పీకేశానండీ. మీలా వెళ్లి చెప్పడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. కూర్చోండి, ఎలాగూ వచ్చారు, పళ్లు చూస్తాను" అంది. ఆయన రెండు పుచ్చుపళ్ల కబురుతో ఇంటికొచ్చాడు.

ఈసారి కొత్త సెన్సర్ల తోకల్ని ముట్టుకోలేదు. పాత కార్ల గుట్టలో వెతికి అదే రకం ప్లగ్గులు నాలుగు కోసుకొచ్చాడు. ఒక చివర సెన్సరుకు, ఇంకో చివర కారు తీగకు తగులుకునేలా విడిగా రెండు తీగలు తయారుచేశాడు. సోల్డర్ లేదు. ప్రతి కొనకూ ఇత్తడి పిన్ను పెట్టి పటకారుతో నొక్కాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు తగిలితే ఇంజను మళ్లీ తికమకపడుతుందని రెండింటికీ వేరు వేరు రంగు టేపు చుట్టాడు. కాలే పైపుకు తగలకుండా వేడినాపే గొట్టం తొడిగి, ఇనుప క్లిప్పులతో చాసిస్‌కు బిగించాడు. అల్లుడు లాగి చూడబోతే, "ఇంకా గట్టిగా లాగు. ఊడితే ఇప్పుడే ఊడాలి" అన్నాడు.

సోమవారం కారు మెత్తగా గుర్రుమంది. పసుపు దీపం ఆరింది. డాక్టరమ్మ శుక్రవారం ఎవరి కారులోనో వెనకసీట్లో కూర్చుని వెళ్లిందట. ఆ లోటు తీర్చుకోవడానికి కాబోలు, షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగి మరీ వెళ్లింది.

ఆ సాయంత్రం జాయింటరుగారి భార్య షెడ్డుకు వచ్చింది. "తప్పు నాదన్నారట, నిజమేనా?" అని అల్లుణ్ణి పక్కకు పిలిచి అడిగింది. "ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం బాబూ నాది. ఎలా అనిపించావో కాస్త నాకూ చెప్పు." అల్లుడు మామగారి వైపు చూసి, నవ్వు ఆపుకుని, మోచేతి కట్టు చూపించాడు.

తర్వాత చుట్టుపక్కల షెడ్లవాళ్లకు ఈ సంగతి పాకింది. పొడుగు పైపులు బిగించే వాళ్లంతా కొలత చెప్పి ఆయన చేత తీగలు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఆయన ఎవరికీ కాదనడు. కాకపోతే ఏ డబ్బా వచ్చినా ముందు లోపలి కాగితం తీసి, భూతద్దం పెట్టుకుని చివరిదాకా పైకి చదువుతాడు. పనివాళ్లంతా వినాల్సిందే. పక్కషెడ్డు కుర్రాళ్లు విసుక్కుంటే, "చదవనివ్వండి, తొందరేమిటి?" అంటాడు అల్లుడు, రెండో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటూ.