బ్రేకు లేని బండి

ఉద్యోగమంతా బస్సు తోలిన మనిషి కాలు ఊరికే ఉండమంటే ఉంటుందా? రిటైరయ్యాక, నడుముకు పెద్ద గాలిపటం తగిలించుకుని, అది లాగుతుంటే పలక మీద నిలబడి సముద్రంలో సాగే ఆట నేర్చుకోవడానికి, ఆ ఆట నేర్పే మేనకోడలి దగ్గర చేరాడు డ్రైవరు మావయ్య. ఆ పలక అడుగున పొడుగాటి కాడ, దాని చివర రెక్క ఉంటాయి. వేగం అందుకుంటే పలక నీటిని వదిలి గాల్లోకి లేస్తుంది. అది లేవగానే మావయ్యకు బస్సు అదుపు తప్పినట్టనిపించేది. వెనకనున్న కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కేది. పలక ఇంకా పైకెగిరి ఆయన్ని నీళ్లలో కుమ్మరించేది.

"మావయ్యా, అక్కడ బ్రేకు లేదు! బరువు ముందు కాలి మీద వెయ్యి!"

"నాకు తెలీదటే? కాలికి చెప్పు, నా మాట వినట్లేదు!" అంటూ ఉప్పునీళ్లు ఉమ్మేవాడు.

ఆ సాయంత్రం గాలి మెత్తగా వీస్తోంది. పలక లేచింది. కిందనున్న నీళ్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంజను రొద లేదు, హారను లేదు, నిద్రలో తేలిపోతున్నట్టుంది. ఆ నిశ్శబ్దంలో కాలు బ్రేకు సంగతే మరిచిపోయింది. వెనక జనాన్ని చూసుకునే అద్దం కోసం అలవాటుగా తలెత్తాడు. పైన గాలిపటమొక్కటే ఉంది.

ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. ఇన్నేళ్లూ కండక్టరు చెబితే విన్న మాటను మొదటిసారి తనకు తనే చెప్పుకున్నాడు.

"రైట్, రైట్!"